మాన్యువల్ కారులో బర్నౌట్: కాలాల్సింది టైరు, క్లచ్ ప్లేటు కాదు

మీరు అడిగింది ఇదీ: వెనక చక్రాలతో నడిచే మాన్యువల్ కారు ఉంది, మామూలు వాహనాలు రాని ట్రాక్ మీద బర్నౌట్, అంటే కారు నిలబడి ఉండగానే చక్రాలు గిర్రున తిరిగి టైర్ల నుంచి పొగ వచ్చేలా చేయడం, చేద్దామని నాలుగైదు సార్లు ప్రయత్నించారు. ఒకసారి ఇంజన్ ఆగిపోయింది. ఒకసారి కారు ముందుకు దూకింది. మిగతా సార్లు టైర్ల నుంచి పొగ రాలేదు గానీ మాడు వాసన మాత్రం వచ్చింది. తప్పు ఎక్కడ జరుగుతోంది, దీనివల్ల కారు పాడవుతుందా అన్నది ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు క్లచ్‌ని మెల్లగా వదులుతున్నారు. ఆ మాడు వాసన టైరుది కాదు, క్లచ్ ప్లేటుది. బర్నౌట్‌కి క్లచ్ పెడల్ మీంచి కాలు పక్కకి లాగేసినట్టు ఒక్కసారిగా వదలాలి. వదిలిన ఆ ఎడమ కాలే వెంటనే బ్రేకు మీదికి రావాలి. కుడి కాలు యాక్సిలరేటర్ మీంచి కదలకూడదు. ఇక రెండో ప్రశ్నకి జవాబు: అవును. సరిగ్గా చేసినా కారు ఎంతో కొంత అరుగుతుంది. మీరు చేస్తున్నట్టు చేస్తే ఒక్క సాయంత్రంలో క్లచ్ పోతుంది.

నా పని క్లచ్‌లు, గేర్‌బాక్సులు విప్పి బిగించడం. డ్రాగ్ రేసులకి వెళ్లే కార్లని కూడా చాలా ఏళ్లుగా సిద్ధం చేస్తున్నాను. కాబట్టి బర్నౌట్ ఎలా చేస్తారో ఎంత చూశానో, చేశాక లోపల ఏం మిగులుతుందో అంతకంటే ఎక్కువ చూశాను.

కారు నిలబడే ఉండి ఇంజన్ గట్టిగా తిరుగుతోందంటే, ఆ శక్తి అంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాల్సిందే. మాన్యువల్ కారులో అలా జారడానికి మూడు చోట్లున్నాయి: క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, టైరు నేలని తాకేచోటు. ఈ మూడింట్లో ఏది ముందు పట్టు వదిలితే అదే కాలుతుంది. మీ పనల్లా క్లచ్, బ్రేకు పట్టు తప్పకుండా చూసి టైరు ముందు జారేలా చేయడం. నేను చెప్పేవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 1,200 కిలోల కారు అనుకుందాం, బరువులో సగం వెనక ఇరుసు మీద ఉంది. పొడి తారు మీద ఆ రెండు వెనక టైర్లు జారకుండా తట్టుకోగలిగింది దాదాపు 5,300 న్యూటన్లు. ఇంజన్ టార్క్ (తిప్పే బలం) 150 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 3.5, ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్‌ది 4.1 అనుకుంటే, 30 సెంటీమీటర్ల చక్రం అంచు దగ్గర నేలని నెట్టే బలం 7,000 దాటుతుంది. అంటే మొదటి గేరులో టైరు జారక తప్పదు. అదే రెండో గేరులో, నిష్పత్తి 2 అనుకుంటే, 4,100 మాత్రమే వస్తుంది. ఇంజన్ తన సొంత బలంతో టైరుని కదిలించలేదు.

మరి చిన్న ఇంజన్ కార్లు కూడా రెండో గేరులో బర్నౌట్ ఎలా చేస్తున్నాయంటే, అక్కడే ఫ్లైవీలు, అంటే ఇంజన్ చివర క్లచ్ ప్లేటుకి ఆనుకుని తిరిగే బరువైన చక్రం, పని వస్తుంది. 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి 4,000 చుట్లు) దగ్గర తిరుగుతున్న ఫ్లైవీలులో దాచిపెట్టిన శక్తి ఉంటుంది. క్లచ్‌ని టక్కున వదిలితే ఆ శక్తి అంతా ఒక్క దెబ్బలో టైరు మీద పడుతుంది. టైరు ఒకసారి జారడం మొదలుపెట్టిందా, దాని పట్టు ఐదో వంతో నాలుగో వంతో పడిపోతుంది. అక్కణ్ణుంచి ఇంజన్‌కి తిప్పుతూ ఉండటం తేలికే. క్లచ్‌ని మెల్లగా వదిలితే ఆ దెబ్బ ఉండదు, టైరు కదలదు, జారేది క్లచ్ ప్లేటే అవుతుంది.

ఎంత వేడి పుడుతుందో చూడండి. 4,000 ఆర్‌పీఎం దగ్గర 150 న్యూటన్ మీటర్ల టార్క్‌తో క్లచ్ పూర్తిగా జారుతుంటే అది 63 కిలోవాట్ల వేడి. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు 60కి పైగా ఒక భోజనం ప్లేటంత ఇనుప బిళ్ల మీద బోర్లించినట్టు. అలా మూడు సెకన్లు ఉంచితే ఏమవుతుందో నేను చాలాసార్లు విప్పి చూశాను. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు పడతాయి, వాటి మధ్య వెంట్రుకల్లాంటి పగుళ్లు. క్లచ్ ప్లేటు మీది లైనింగ్ గాజులా మెరుస్తుంది, గోటితో గీసినా గీత పడదు. అలా గాజుబారిన ప్లేటు ఆ తర్వాత మామూలు ఎత్తు మీద కూడా జారుతుంది.

పద్ధతి, వెనక చక్రాల కారుకి

స్టీరింగ్ నేరుగా పెట్టండి. చక్రాలు జారకుండా అడ్డుపడే ట్రాక్షన్ కంట్రోల్‌ని పూర్తిగా ఆపండి. చాలా కార్లలో బటన్ ఒకసారి నొక్కితే సగమే ఆగుతుంది, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే గానీ స్థిరత్వ నియంత్రణ కూడా ఆగదు. హ్యాండ్‌బ్రేకు దింపేయండి. అది పట్టేది వెనక చక్రాల్నే, మీరు తిప్పాలనుకునేవీ అవే.

క్లచ్ అడుగు దాకా తొక్కి మొదటి గేరు వేయండి. ఇంజన్‌ని 3,500 నుంచి 4,500 మధ్య నిలకడగా ఉంచండి. నిలకడ అన్న మాట మీద దృష్టి పెట్టండి. పైకీ కిందికీ ఊగిస్తుంటే, సూది కిందికి వస్తున్న క్షణంలోనే క్లచ్ వదులుతారు, ఇంజన్ చచ్చిపోతుంది. మీ ఇంజన్ ఆగిపోయినప్పుడు ఇదే జరిగి ఉంటుంది, లేదా అప్పటికే బ్రేకు మరీ గట్టిగా తొక్కి ఉంటారు.

ఇప్పుడు ఎడమ కాలిని క్లచ్ పెడల్ మీంచి పక్కకి జార్చేయండి. పైకి ఎత్తడం కాదు, పక్కకి. పైకి ఎత్తితే పాదం తెలియకుండానే పెడల్‌ని ఆపుతూ వస్తుంది. పక్కకి జారిస్తే స్ప్రింగే దాన్ని పైకి తన్నేస్తుంది. టైర్లు కీచుమంటాయి, కారు ఒకటి రెండడుగులు కదులుతుంది. ఆ లోపే ఎడమ పాదం బ్రేకు మీద ఉండాలి. మీ కారు ముందుకు దూకినప్పుడు ఈ కాలు ఆలస్యమైంది. ఇంజన్ ఆఫ్ చేసి, కారు నిలబెట్టి, ఈ క్లచ్ నుంచి బ్రేకుకి మారడం ఒక్కదాన్నే యాభై సార్లు సాధన చేయండి. నేను నేర్పినవాళ్లందరికీ ముందు ఇదే చేయించాను.

బ్రేకు ఎంత తొక్కాలన్నదే అసలు నైపుణ్యం. పెడల్ నాలుగు చక్రాలకీ వెళ్తుంది, ముందు చక్రాలకి ఎక్కువ, వెనక వాటికి తక్కువ. ముందు చక్రాలు కదలకుండా ఉండేంత తొక్కాలి, వెనకవాటిని ఇంజన్ ఇంకా తిప్పగలిగేంత దగ్గర ఆపాలి. ఆ సందు సన్నగా ఉంటుంది. కారు మెల్లగా ముందుకి పాకుతుంటే ఇంకొంచెం తొక్కండి, ఇంజన్ మూలుగుతుంటే కొంచెం వదలండి.

బ్రేకు గురించి చాలామందికి తెలియని విషయం ఇంకొకటుంది. పెట్రోలు కార్లలో బ్రేకు పెడల్‌ని తేలిక చేసే బూస్టర్ చాలావరకు ఇంజన్ పీల్చే వాక్యూమ్ మీద నడుస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉన్నప్పుడు ఆ వాక్యూమ్ ఉండదు, బూస్టర్‌లో నిల్వ ఉన్నది ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది. అందుకని బర్నౌట్ మధ్యలో బ్రేకుని పదేపదే వదిలి తొక్కకూడదు. మూడోసారికి పెడల్ రాయిలా గట్టిపడి కారు మీ మాట వినదు. ఒక్కసారి తొక్కి, ఆ ఒత్తిడిలోనే కొద్దిగా హెచ్చుతగ్గులు చేసుకోవాలి.

ఆపేటప్పుడు వరస ఇది: ముందు క్లచ్ తొక్కాలి, వెంటనే యాక్సిలరేటర్ వదలాలి, కుడి కాలు బ్రేకు మీదికి తేవాలి. క్లచ్ తొక్కకుండా, చక్రాలు తిరుగుతుండగానే బ్రేకు ఒక్కసారిగా వదిలేస్తే టైరుకి పట్టు దొరికిన క్షణంలో కారు ఎటు దూకుతుందో చెప్పలేం.

మీరు ఇవన్నీ సరిగ్గా చేసినా క్లచ్ వాసన వస్తోందంటే ఇంకో కారణం ఉండొచ్చు. కొన్ని కార్లలో క్లచ్ ఫ్లూయిడ్ పైపులో సన్నటి అడ్డు ఒకటి పెడతారు, కొత్తవాళ్లు నడిపినా కుదుపు రాకుండా. మీరు కాలు ఎంత వేగంగా తీసినా క్లచ్ నింపాదిగానే పడుతుంది. అలాంటి కారుతో మొదటి గేరులో కూడా ప్రతిసారీ క్లచ్ కొంత కాలుతుంది. అలాగే చాలా కొత్త కార్లలో బ్రేకు, యాక్సిలరేటర్ కలిపి తొక్కితే కంప్యూటరే ఇంజన్ బలం తగ్గించేస్తుంది. ఇంజన్ ఉన్నట్టుండి నీరసపడినట్టు అనిపిస్తే అది మీ తప్పు కాదు, ఆ కారుని పెడల్ బ్రేకుతో బర్నౌట్‌కి తేలేరు, అంతే.

తరచూ చేసేవాళ్లకి సరైన దారి లైన్ లాక్. ముందు బ్రేకుల పైపులో పెట్టే కరెంటు వాల్వ్ అది. బ్రేకు తొక్కి బటన్ నొక్కి పట్టుకుని పెడల్ వదిలేస్తే ఒత్తిడి ముందు చక్రాల దగ్గరే ఉండిపోతుంది, వెనకవి స్వేచ్ఛగా తిరుగుతాయి. రెండు కాళ్లతో మూడు పెడళ్లు తొక్కే అవస్థ ఉండదు. వెనక ప్యాడ్లు కూడా కాలవు. ఫోర్డ్ అయితే 2015 మస్టాంగ్ జీటీలో దీన్ని కంపెనీ నుంచే ఇచ్చింది. ఒకటే జాగ్రత్త: ఆ వాల్వ్ కొద్ది సెకన్ల పనికే. దాన్ని నమ్ముకుని కారు నిలిపి దిగకూడదు.

ముందు చక్రాల కార్ల సంగతి

మీది కాదు గానీ, చదివేవాళ్లలో ఎక్కువమందివి ఇవే కాబట్టి చెబుతున్నాను. వీటిలో హ్యాండ్‌బ్రేకు లాగి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ తొక్కితే చాలు, కాళ్లకి పని తక్కువ. కానీ పొడి నేల మీద చాలా కార్లు నిలబడవు. వెనక చక్రాల్ని బిగించి ఉన్నా ఈడ్చుకుంటూ ముందుకు పోతాయి, వెనక రెండు నల్ల గీతలు పడతాయి. హ్యాండ్‌బ్రేకు వదులుగా ఉందని కేబుల్ బిగిస్తారు. తప్పు అక్కడ లేదు. అదే 1,200 కిలోల కారులో బరువు ముందు 60 శాతం, వెనక 40 శాతం ఉంటే, వెనక టైర్లు పట్టి ఉంచగలిగింది 4,200 న్యూటన్లు. ముందు టైర్లు జారుతూ కూడా 4,900 దాకా లాగుతాయి. ముందు చక్రాల కింద నీళ్లు పోస్తే లెక్క తిరగబడుతుంది, కారు నిలబడుతుంది.

ముందు చక్రాల కారులో స్టీరింగ్ తిప్పి ఉంచి క్లచ్ వదలొద్దు. నా దగ్గరికి వచ్చిన ఒక కారులో కుడివైపు షాఫ్ట్ చివర, దాన్ని చక్రానికి కలిపే సీవీ జాయింట్ రెండు ముక్కలై, లోపలి బంతులు రబ్బరు బూటులో గలగలమంటున్నాయి. నడిపిన కుర్రాడు అప్పటికి రెండుసార్లే చేశాడు, రెండుసార్లూ చక్రాలు పూర్తిగా తిప్పి ఉన్నాయి. ఇక బటన్‌తో పనిచేసే కరెంటు పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లు చాలావాటిలో, మీరు యాక్సిలరేటర్ తొక్కగానే అది తనంతట తనే వదిలేస్తుంది. నాలుగు చక్రాలకీ బలం వెళ్లే కార్లలో అయితే ప్రయత్నించనే వద్దు. అక్కడ టైరు కంటే ముందు క్లచ్చో, మధ్య డిఫరెన్షియలో పోతుంది.

కారుకి ఏమవుతుంది

క్లచ్ గురించి చెప్పాను. దాని తర్వాత నన్ను ఎక్కువ భయపెట్టేది డిఫరెన్షియల్. మామూలు కార్లలో ఉండేది ఓపెన్ డిఫరెన్షియల్. ఒక చక్రం జారితే శక్తి అంతా దానివైపే పోతుంది, రెండోది కదలకుండా ఉండిపోతుంది. మీకు ఒక్క టైరు నుంచే పొగ వస్తే కారణం ఇదే. అలా ఒకటే తిరిగేటప్పుడు అది మామూలు కంటే రెట్టింపు వేగంతో తిరుగుతుంది. పైన చెప్పిన నిష్పత్తులతో 4,000 ఆర్‌పీఎం దగ్గర మొదటి గేరు 32 కిలోమీటర్ల వేగం, రెండో గేరు 55. ఒక్క చక్రమే తిరుగుతుంటే అవి దాదాపు 63, 110 అవుతాయి. గేర్‌బాక్స్ నుంచి లెక్క తీసుకునే స్పీడోమీటరు మాత్రం సగమే చూపిస్తుంది.

ఆ వేగానికి లోపల ఉన్న చిన్న గేర్లు తయారు కాలేదు. అవి మలుపుల్లో నింపాదిగా తిరగాల్సినవి, వాటికి బేరింగులు కూడా ఉండవు, ఒక పిన్ను మీద కూర్చుని తిరుగుతాయంతే. నేను విప్పిన ఒక గేర్‌బాక్స్‌లో ఆ పిన్ను ఊదారంగుకి తిరిగి, ఒకవైపు గోరు పట్టేంత లోతుగా అరిగిపోయింది. ఆయిల్ వెండిరంగు బురదలా కారింది. యజమాని చెప్పిన లక్షణం ఒక్కటే, మలుపులో చిన్న కటకట. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి కాబట్టి ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

తిరిగే చక్రం టపటపా ఎగరడం మొదలైతే వెంటనే ఆపేయండి. గాల్లోకి లేచి మళ్లీ నేలని పట్టిన ప్రతిసారీ షాఫ్ట్ మీద సుత్తి దెబ్బ పడుతుంది. షాఫ్టులు, ఇంజన్ మౌంట్లు విరిగేది ఎక్కువగా ఆ సమయంలోనే.

లైన్ లాక్ లేకుండా చేసినప్పుడు వెనక బ్రేకులు విపరీతంగా వేడెక్కుతాయి. డాట్ 3 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 అయితే 230 దాకా మరగకూడదు. అదే తేమ పీల్చుకున్న పాత ఫ్లూయిడ్‌కి ఆ హద్దులు 140, 155కి పడిపోతాయి. అందుకే ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటిన కారుని నేను ఈ పనికి ఒప్పుకోను. ఫ్లూయిడ్ మరిగిందంటే తర్వాతి తొక్కుడుకి పెడల్ దూదిలా అడుక్కి వెళ్లిపోతుంది.

టైరు పేలుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇరుక్కుపోయిన కారు చక్రాన్ని గంటకి 55 కిలోమీటర్లు దాటి తిప్పొద్దని చాలా కార్ల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. టైరుని చీల్చే బలం వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది, పైగా రబ్బరు అప్పటికే మెత్తబడి ఉంటుంది. ఒకసారి నేను పదడుగుల పక్కన నిలబడి ఉండగా ఒక కారు టైరు చిరిగింది. ముందు పొగ తెలుపు నుంచి బూడిదరంగుకి మారింది, ఆ తర్వాత తుపాకీ పేలినట్టు శబ్దం. రబ్బరు పట్టీ కొరడాలా తిరిగి వెనక మడ్‌గార్డు రేకుని విప్పేసింది, బ్రేకు గొట్టాన్ని తెంపేసింది. ఆ పట్టీ పక్కకి ఎగిరి ఉంటే నేను ఇవాళ ఇది రాసేవాణ్ణి కాదేమో. అప్పటినుంచి చక్రం తిరిగే గీతలో, ముందూ వెనకా పక్కనా, ఎవర్నీ నిలబడనివ్వను. మీ వెంట వచ్చి ఫోన్‌తో వీడియో తీసే స్నేహితులు సరిగ్గా అక్కడే నిలబడతారు. ముందు వాళ్లని దూరంగా పంపండి.

ఒకసారికి ఐదారు సెకన్లు చాలు. పోటీల్లో నిమిషాల తరబడి చేసేవాళ్లని చూసి అనుకరించొద్దు. ఆస్ట్రేలియాలో ఇది పాయింట్లు వేసే ఆట. కాన్‌బెరాలో 1988 నుంచి జరుగుతున్న సమ్మర్‌నాట్స్ కార్ల పండగ లాంటి చోట్ల దిగే కార్లు దానికోసమే కట్టినవి, మంటలార్పే మనుషులు పక్కనే సిద్ధంగా ఉంటారు. అదే దేశంలో మామూలు రోడ్డు మీద చేస్తే పోలీసులు కారుని పట్టుకుపోతారు. రోడ్డు మీద చేయొద్దని నేనూ అంటాను, చట్టం కోసమే కాదు, కారు ఎటు తిరిగితే అటు మనుషులుంటారు కాబట్టి. మట్టి, ఎండుగడ్డి ఉన్న చోట్ల అసలు వద్దు, ఎగ్జాస్ట్ కింద గడ్డి అంటుకోవడానికి క్షణం పట్టదు. మంటలార్పే సిలిండర్ కారులో కాదు, బయట ఒకరి చేతిలో ఉండాలి. పొగలో ఉన్నవి టైరు రబ్బరులోని నూనెలు కూడా. అద్దాలు మూసుకుని, గాలి లోపలే తిరిగేలా పెట్టుకోండి.

డ్రాగ్ రేసు కోసమైతే ఒక మాట. అక్కడ బర్నౌట్ ఎందుకంటే టైరు మీద దుమ్ము పోయి, రబ్బరు వేడెక్కి జిగురు పట్టడానికి. ఇది డ్రాగ్ స్లిక్‌లకి, అంటే గాడులు లేని రేసు టైర్లకి వర్తిస్తుంది. రోడ్డు టైర్లతో వెళ్తే, బర్నౌట్ కోసం స్టార్టింగ్ గీతకి ముందు ఉంచే నీళ్లున్న గుంటని తప్పించుకుని దాని పక్కనుంచి వెళ్లండి, గాడుల్లో నీళ్లు పట్టుకుని స్టార్టింగ్ గీత దాకా మోసుకెళ్తారు. రెండు మూడు సెకన్లు తిప్పి దుమ్ము దులపండి, చాలు. ఎక్కువ కాలిస్తే రోడ్డు టైరు పైపొర జిడ్డుబారి పట్టు ఇంకా తగ్గుతుంది.

అయ్యాక కారుని వెంటనే ఆపి హ్యాండ్‌బ్రేకు లాగొద్దు. కాలిన ప్యాడ్లు డ్రమ్ముకో డిస్కుకో అతుక్కుంటాయి. ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిపి, గాలి తగలనిచ్చి, గేరులో పెట్టి చక్రాలకి అడ్డు పెట్టండి. చల్లారాక టైరుని చుట్టూ చేత్తో తడిమి చూడండి. ఎక్కడైనా ఉబ్బు తగిలినా, రబ్బరు కింద తీగలు మెరిసినా దానితో ఇంటికి కూడా వెళ్లకూడదు, స్టెప్నీ వేసుకోండి.

ఇక మీ క్లచ్. ఇప్పటికే మాడు వాసన వచ్చింది కాబట్టి ఇంకో ప్రయత్నానికి ముందు పరీక్షించండి. ఖాళీ దారిలో గంటకి 40 కిలోమీటర్ల దగ్గర నాలుగో గేరు వేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ ఆర్‌పీఎం, కారు వేగం కలిసి మెల్లగా పెరిగితే క్లచ్ బతికే ఉంది, ఓ వారం మామూలుగా నడిపితే పైన పట్టిన గాజుపొర కొంత పోతుంది కూడా. ఆర్‌పీఎం సూది ముందు ఎగిరి, వేగం వెనకే ఉండిపోతే ప్లేటు అయిపోయినట్టే. అప్పుడు గేర్‌బాక్స్ దించినప్పుడు ప్లేటు ఒక్కటే మార్చి సరిపెట్టకుండా ఫ్లైవీలు మీద ఆ నీలం మచ్చలు ఉన్నాయేమో మీ కళ్లతో చూసి, ఉంటే లేతు పట్టించండి. రెండు ముక్కలుగా ఉండే డ్యుయల్ మాస్ ఫ్లైవీలు అయితే చాలావాటికి లేతు పనికిరాదు, మార్చాల్సిందే.